మూడు నిద్రలు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఒక చావింటికి పోయి, అందరికంటే గట్టిగా ఏడ్చి, వచ్చేటప్పుడు ఒక ప్రాణాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ప్రాణం మా చిన్నమ్మది. ఈ సంగతి ఇన్నేళ్ళూ మా ఇంటి ఆడవాళ్ళ మధ్యే గుసగుసగా తిరిగింది. సిగ్గుపడాల్సింది అందులో ఏముందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. అందుకే రాస్తున్నాను. రాసేముందు చిన్నమ్మను అడిగాను. రాసుకొమ్మంది. కాకపోతే మీ అమ్మమ్మను మరీ దేవతను చెయ్యకు, పైనుంచి చూసి తిడుతది అని కూడా అంది.

అప్పటికి నాకు పదేళ్ళు ఉంటాయేమో. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఒకసారి భగ్గున మండి, చల్లారినట్టే కనబడి, స్థానికుల ఉద్యోగాల కోసం లేచిన ముల్కి గొడవతో మళ్ళీ రాజుకుంటున్న రోజులు. వారంలో సగం రోజులు బంద్. బడి తెరిచేది తక్కువ, మూసేది ఎక్కువ. మాకేమో పండగే. అల్లరి పడలేక మా అమ్మ నన్ను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరున్న అమ్మమ్మ ఊరికి పంపేసింది.

మా అమ్మమ్మ సన్నగా, పొడుగ్గా ఉండేది. ఊళ్ళో ఎవరింట్లో తగువైనా పిలవకపోయినా పోయేది. అబద్ధమాడటం ఆమెకు నచ్చదు. కానీ ఆడాల్సి వస్తే మాత్రం మనసు పెట్టి ఆడేది. తాతయ్య ఆమెకు పూర్తిగా భిన్నం. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి ఆయనకు.

వాళ్ళ చిన్న కూతురే మా చిన్నమ్మ. బచ్చన్నపేట వైపు ఒక ఊళ్ళో ఇచ్చారు. మంచి పత్తి చేను, రెండు జతల ఎడ్లు, నెమ్మదైన భర్త. అన్నీ బాగానే ఉండేవి కానీ రెండో కాన్పు ఆమెను చావు దాకా తీసుకుపోయింది. గర్భసంచి చినిగిందట. వరంగల్ దవాఖానలో కుట్లు వేసి బతికించారు. ఇంకో కడుపు పెరిగితే ఆ కుట్లు నిలవవని, ఒకవేళ నెల తప్పితే ఆలస్యం చేయకుండా రమ్మని అక్కడి డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఆ మాట చెప్పినప్పుడు చిన్నమ్మ భర్త, అత్తగారు, మా అమ్మమ్మ ముగ్గురూ అక్కడే ఉన్నారు. విన్నది ముగ్గురే అయినా గుర్తుపెట్టుకున్నది మా అమ్మమ్మ ఒక్కతే.

ఆ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి గాజులమ్మే ఒక ముస్లిం ఆవిడ ఉండేది. అందరూ ఖాలా అనేవాళ్ళు. ఆమె ఒకరోజు మా గడపలో గంప దించి, నీళ్ళు కూడా తాగకుండా అమ్మమ్మ చెవిలో విషయం చెప్పింది. చిన్నమ్మకు మళ్ళీ నెల తప్పిందట. గాజులు ఎక్కిస్తుంటే తనే చెప్పుకుందట. ఇంట్లో చెబితే మనవడు వస్తున్నాడని అత్తగారు సంబరపడుతోందట. అంతకంటే భయపెట్టే మాట ఇంకొకటి చెప్పింది. కడుపు పోవడానికి పుల్ల పెట్టే మనిషి పక్క ఊళ్ళో ఎక్కడుంటుందో చిన్నమ్మ చాటుగా వాకబు చేస్తోందట.

పుల్ల అన్న మాట వినగానే అమ్మమ్మ కింద కూలబడిపోయింది. ఆమెను నేను అలా ఎన్నడూ చూడలేదు. ఆమెకు ఒక అక్క ఉండేదని, ఆ అక్క అలాగే పుల్ల పెట్టించుకుని, ఒళ్ళంతా కాలిపోయే జ్వరంతో పోయిందని నాకు ఆ రోజే తెలిసింది. ఖాలా ముందు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత లేచి ఖాలాకు అన్నం పెట్టింది.

మర్నాడే తాతయ్యను పంపింది, బిడ్డను నాలుగు రోజులు తోలుకురమ్మని. ఆయన పోయినంత వేగంగా ఒట్టి చేతులతో తిరిగి వచ్చాడు. పత్తి ఏరే రోజులు, పంపేది లేదన్నారట. దవాఖాన మాట ఎత్తితే చిన్నమ్మ అత్తగారు, మేమంతా కనలేదా, దవాఖానోళ్ళు ఉత్తగనే బెదిరిస్తరు అందట. అల్లుడు మాత్రం నేలచూపులు చూస్తూ, మా అమ్మనడుగుండ్రి అన్నాడట. అమ్మమ్మ తాతయ్యను తిట్టని తిట్టు లేదు. పాపం ఆయన చేసిన తప్పల్లా మర్యాదగా అడగడమే.

ఇలా ఉండగా చిన్నమ్మ అత్తగారింట్లో ఒక ముసలావిడ పోయింది. అల్లుడి నానమ్మ. బాగా పండిన వయసు. కబురు రాగానే అమ్మమ్మ నన్ను కూడా బయల్దేరదీసింది. ఎందుకంటే నన్ను వదిలి వెళ్తే ఊరంతా ఏది పడితే అది చాటి చెబుతానని ఆమెకు అనుమానం. అది నిజమే కాబట్టి నేను అలగలేదు. ఆ ఇంటికి పోయాక మా అమ్మమ్మ శవం మీద పడి ఎత్తిన రాగానికి ఆ ఊరి ఆడవాళ్ళు తమ ఏడుపు ఆపి విన్నారు. పోయినావిడ గుణగణాలన్నీ పేరుపేరునా తలచుకుంది. అవి దొంగ ఏడుపులు కావు. ఎవరిని తలచుకుని ఏడ్చిందో నాకు తెలుసు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో చావు జరిగితే, దినాలు అయిపోయాక ఆ ఇంటి కోడలిని పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోతారు. తలకు పోసి, కొత్త చీర పెట్టి, ఇంత మంచి కూర వండి తినిపించి, తమ ఇంట్లో పడుకోబెట్టి పంపుతారు. దాన్ని నిద్రకు తీసుకుపోవడం అంటారు. దుఃఖం ఆ నిద్రతో వదులుతుందని నమ్మకం. ఒక నిద్రయినా చేయించవచ్చు, మూడయినా చేయించవచ్చు, రెండు మాత్రం పనికిరాదు. పెళ్ళికి పంపకపోయినా ఎవరూ ఏమీ అనరు. నిద్రకు పంపకపోతే మాత్రం ఆ ఇంటిని చావు పట్టుకునే ఉంటుందని భయపడతారు.

దినాల చివరి రోజు భోజనాలు ముగిశాయి. కులపెద్దలంతా వాకిట్లో చుట్టలు కాల్చుకుంటూ కూర్చున్నారు. అమ్మమ్మ ఆ సమయం కోసమే కాచుకుని ఉంది. లోపలికి పోయి వియ్యపురాలిని అడగలేదు. నేరుగా వాకిట్లోకి వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, నా బిడ్డను నిద్రకు తీసుకపోతానని పెద్దలందరి ముందు అడిగింది. వియ్యపురాలు గబగబా బయటికి వచ్చి ఒక్క నిద్రకు పంపుతానంది. అమ్మమ్మ తలడ్డంగా ఊపింది. పోయిన పెద్దమ్మకు నా బిడ్డంటే పాణం, ఒక్క నిద్రకు ఆ దుఃఖం వదలదు, మూడు నిద్రలు చేయించాల్సిందే అంది. పెద్దల్లో ఒకాయన చుట్ట నోట్లోంచి తీసి, నిద్రకు అడిగినంక లేదంటే ఎట్ల అన్నాడు. అంతే, పంచాయితీ తెగిపోయింది. ముసలావిడ పోతూ పోతూ నా బిడ్డకు తొవ్వ చూపిందని అమ్మమ్మ తర్వాత చాలాసార్లు ఆమెకు దణ్ణం పెట్టేది.

మొదటి నిద్ర అమ్మమ్మ ఇంట్లోనే. తలకు పోసి, చీర పెట్టి, నాటుకోడి కూర వండింది. ఆచారం దగ్గర ఆమె ఏమీ తక్కువ చెయ్యలేదు. తెల్లారి, చిన్నమ్మ పిల్లలిద్దరినీ తాతయ్యకు అప్పజెప్పి వరంగల్‌కు బయల్దేరాం. తీరా రోడ్డు ఎక్కేసరికి బంద్. బస్సు లేదు. స్టేషన్లో రైలు వస్తుందో రాదో చెప్పేవాళ్ళు లేరు. రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు, విరిగిన బండి చక్రాలు వేసి విద్యార్థులు కూర్చున్నారు. జై తెలంగాణ అని గొంతులు పోయేలా అరుస్తున్నారు. పత్తి నింపిన బోరాల లారీ ఒకటి ఆగిపోయి ఉంది. చిన్నమ్మ ముఖం పాలిపోయింది. మూడు నిద్రలే గడువు. ఈ పూట పోతే అంతా పోయినట్టే. ఇంటికి తిరిగి పోతే పుల్ల పెట్టే మనిషి పక్క ఊళ్ళోనే ఉంది.

అమ్మమ్మ రాళ్ళ మీది నుంచి నడుచుకుంటూ పోయి వాళ్ళ నాయకుడిలా ఉన్నవాడి ముందు నిలబడింది. ఎందుకు కొట్లాడుతున్నారని అడిగింది. అతను ఆమెకు ఏదో ఊరి ముసలమ్మకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు.

"మన రాజ్యం మనకు కావాలని, అవ్వా. మన మీద ఇంకొకలు పెత్తనం చేసుడేందని."

"మంచిగుంది బిడ్డా, కొట్లాడుండ్రి. గిది నా చిన్న బిడ్డ. దీని పాణం మీద కూడ ఇంకొకలే పెత్తనం చేస్తున్నరు. గందుకే నేను కొట్లాడుతున్న. ఇయ్యాల దవాఖానకు చేరకుంటే నా బిడ్డ నాకు దక్కది. జర తొవ్వియ్యుండ్రి."

ఆ అబ్బాయి చిన్నమ్మ వంక ఒకసారి చూశాడు. ఇంకేమీ అడగలేదు. లారీ డ్రైవరును పిలిచి, వీళ్ళను దవాఖాన గేటు దాకా దింపమన్నాడు. డ్రైవరు సణిగాడు, ముందు ఇంకా ఎన్నిచోట్ల ఆపుతారో అన్నాడు. అయితే నేనే వస్తానని ఆ అబ్బాయి జెండా పట్టుకుని బోరాల మీదికి ఎక్కాడు. అడ్డం ఉన్న ప్రతిచోటా పైనుంచి జై తెలంగాణ అని కేక వేయడం, కిందివాళ్ళు రాళ్ళు జరపడం. డ్రైవరు పక్కన అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని నేను కూడా అరిచాను. గొంతు బొంగురుపోయింది. చిన్నమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

దవాఖానకు చేరాక అమ్మమ్మ వెంటనే లోపలికి పోలేదు. వరండాలో ఒక మూల కూర్చోబెట్టి సద్ది విప్పింది. చిన్నమ్మకు నాలుగు ముద్దలు పెట్టి, చెయ్యి కడిగించి, అప్పుడు అడిగింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నేను ఇన్ని వేషాలేసింది నిన్ను ఆ ఇంట్లకెల్లి ఈడిదాక తెచ్చెతందుకే. ఇంక ముందటిది నీ ఇష్టం. తీయించుకుంటనంటే లోపటికి పోదాం. ఉంచుకుంటనంటే డాక్టరమ్మతోని మాట్లాడి, ఏ జాగర్తలు చెప్తే గవి చేద్దాం. ఎట్లన్నా నేను నీ పక్కన్నే ఉంట. చెప్పు, నీకేం కావాలె?"

నాకు ఆశ్చర్యం వేసింది. ఇంత కష్టపడి తెచ్చి, ఇప్పుడు అడగడం ఏమిటి అనుకున్నాను. ఉంచుకుంటానంటే అప్పుడేం చేస్తుంది? అమ్మమ్మ ముఖం వంక చూశాను. భయం లేకపోలేదు ఆ ముఖంలో. అయినా నోరు మూసుకుని కూర్చుంది. మా అమ్మమ్మ నోరు మూసుకుని అంతసేపు కూర్చోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

చిన్నమ్మ పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఆమె ఇద్దరు పిల్లల్లో చిన్నది ఇంకా సరిగ్గా నడవడం కూడా నేర్చుకోలేదు. చివరికి తలెత్తి చెప్పింది.

"నాకు బతకాలని ఉన్నదే అమ్మా. నా పిల్లలను నేనే పెంచుకోవాలె. లోపటికి పోదాం."

లోపల డాక్టరమ్మ చిన్నమ్మను గుర్తుపట్టింది. ఆమెది కోస్తా మాట. బయట కోస్తావాళ్ళను పొమ్మని అరుస్తున్న రోజులు, ఈమె మాత్రం ఎప్పటిలాగే తెల్లకోటు వేసుకుని ఆడవాళ్ళ ప్రాణాలు కాపాడుతోంది. మమ్మల్ని బయట నిలబెట్టి, చిన్నమ్మ ఒక్కదానితోనే చాలాసేపు మాట్లాడింది. తర్వాత అమ్మమ్మను పిలిచింది. భర్తా అత్తా ఒప్పుకోలేదు, రేపు వచ్చి గొడవ చేస్తే ఎలా అని అమ్మమ్మ భయపడుతూ అడిగింది.

"కొత్తగా చట్టం వచ్చిందమ్మా," అంది డాక్టరమ్మ. "మీ అమ్మాయి పెద్ద మనిషి. తను ఒప్పుకుంటే చాలు. మొగుడిదీ అక్కర్లేదు, అత్తదీ అక్కర్లేదు, చివరికి మీదీ అక్కర్లేదు."

ఇంకెవరైనా అయితే ఆ చివరి మాటకు నొచ్చుకునేవాళ్ళు. మా అమ్మమ్మ మాత్రం ముఖమంతా నవ్వు చేసుకుంది. నేనడిగిన మాటే ఆమె కూడ అడిగింది అని నాతో గొప్పగా చెప్పుకుంది. చిన్నమ్మ వేలిముద్ర వేసి లోపలికి పోయింది. పెద్దసేపు పట్టలేదు. సమయానికి వచ్చారు, ఇంకొన్నాళ్ళు ఆగితే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది.

రెండో నిద్ర ఆ దవాఖాన మంచం మీద. చిన్నమ్మ ఎంత గాఢంగా పడుకుందంటే నేను రెండు మూడుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. మూడో నిద్రకు మళ్ళీ అమ్మమ్మ ఇంటికి చేరాం. లెక్క సరిపోయింది. దుఃఖం వదలాలని చేయించేదే కదా నిద్ర, చిన్నమ్మకు నిజంగానే వదిలింది.

అత్తగారి ఊరికి తీసుకుపోయే దారిలో అమ్మమ్మ ఒక కథ కూడా అల్లి పెట్టుకుంది. నీరసం, కడుపునొప్పి, దానంతట అదే పోయింది అని చెప్పాలని. చిన్నమ్మ ఊ కొట్టింది. తీరా వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతున్న అత్తగారి ఎదుట నిలబడ్డాక అమ్మమ్మ నోరు తెరిచేలోపే చిన్నమ్మ మాట్లాడింది.

"నేను దవాఖానకు పోయొచ్చిన అత్తా. కడుపు తీయించుకున్న. నన్నెవ్వరు బలిమి చెయ్యలే, నేనే చేయించుకున్న. నా పిల్లలకు నేను కావాలె."

మా అమ్మమ్మ కూడా బిత్తరపోయి చూసింది. అత్తగారు చేట విసిరికొట్టి, మనవణ్ణి పొట్టన పెట్టుకున్నారని నెత్తి కొట్టుకుని ఏడ్చింది. నిద్రకని చెప్పి మోసం చేశావని అమ్మమ్మను నానా మాటలూ అంది. అమ్మమ్మ తొణకలేదు. అవును, మోసమే చేసిన, మంచిగ అడిగితే పంపినవా మరి అని ఎదురు అడిగింది. ఇకమీద నీ ముఖం చూడనని, చచ్చేదాకా నీతో మాట్లాడనని ఆమె ఒట్టు పెట్టుకుంది. అమ్మమ్మ లేచి చీర దులుపుకుంది.

"నువ్వు మాట్లాడకున్నా మంచిదే వదినా. నా బిడ్డ మాట్లాడుతుంది. నాకు గది చాలు."

ఆమె నిజంగానే ఒట్టు నిలబెట్టుకుంది. నాకు అప్పుడు ఆమె మీద పీకల దాకా కోపం ఉండేది. ఇప్పుడు లేదు. ఆమె ఎంతోమందిని కని, అందులో కొందరిని మట్టిలో పెట్టుకున్న మనిషి. ఎంతమందిని కంటావమ్మా అని ఆమెను ఎవరూ ఎన్నడూ అడిగి ఉండరు. తనకు లేనిది కోడలికి ఉంటుందని ఆమెకు ఎలా తోస్తుంది? ఇక ఆ నేలచూపుల చిన్నాయిన, ఏం తోచిందో ఏమో, ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా పోయి పిల్లలు కాకుండా తానే ఆపరేషను చేయించుకుని వచ్చాడు. అప్పటినుంచి అల్లుడు వస్తే అమ్మమ్మ కోడి కోయకుండా ఉండేది కాదు.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్ల పక్కనున్న దవాఖానలో చాలా ఏళ్ళు చేశాను. తండాల నుంచి వచ్చే ఆడవాళ్ళ కోసం నాలుగు లంబాడా మాటలు కూడా నేర్చుకున్నాను. ఏ ఆడమనిషి వచ్చినా వెంట ఒక గుంపు ఉండేది. భర్త, అత్త, అమ్మ, ఆడబిడ్డ. ఏం కావాలంటే గుంపే జవాబు చెప్పేది. నేను గుంపునంతా బయటికి పంపి తలుపు వేసేదాన్ని. వాళ్ళు నన్ను పొగరుబోతు సిస్టరమ్మ అనుకునేవాళ్ళు. అనుకోనీ. ఉంచుకుంటానన్న వాళ్ళూ ఉన్నారు, వద్దన్న వాళ్ళూ ఉన్నారు. ఇద్దరినీ ఒకేలా చూసుకున్నాను. వద్దనుకున్న ఆడదాన్ని ఎవరూ ఆపలేరని ఆ గదిలో కూర్చుంటే ఎవరికైనా తెలుస్తుంది. దవాఖాన తలుపు మూస్తే ఆమె పుల్ల దగ్గరికి పోతుంది, అంతే. ఆ తలుపు మూయాలని పెద్ద గొంతుతో మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళెవరూ మా అమ్మమ్మ అక్క జ్వరంతో కాలిపోతుంటే పక్కన కూర్చున్నవాళ్ళు కారు.

అమ్మమ్మ తెలంగాణ రాకముందే పోయింది. ఆనవాయితీ కోడళ్ళకే అయినా, దినాలు అయ్యాక చిన్నమ్మను నేనే నిద్రకు భూపాలపల్లి తీసుకువచ్చాను. మూడు నిద్రలు అని పట్టుబట్టాను. అప్పటికే ఆమె మనవరాళ్ళు బడికి పోతున్నారు. తలకు పోసి, చీర పెట్టి, కోడి కూర వండి పెట్టాను. పడుకునే ముందు, ఆ వరండాలో అమ్మమ్మ అలా అడగకుండా లోపలికి తీసుకుపోయినా నువ్వు బతికేదానివే కదా అన్నాను. చిన్నమ్మ నా వంక చూసింది.

"బతికేదాన్నే. పుట్టినకాన్నుంచి అందరు నన్ను తోలుకపోయుడు, తోలుకొచ్చుడే గాని, నీకేం కావాలె అని అడిగింది మా అమ్మ ఒక్కతే బిడ్డా. నన్ను నేను మనిషిననుకున్నది గా రోజే."

ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా కాలనీలో ఎవరికో ఒకరికి నెల తప్పగానే ఎవరో ఒకరు వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటారు. తీసుకువచ్చినవాళ్ళకు వాకిట్లో కుర్చీ వేసి చాయ్ ఇస్తాను. తర్వాత ఆ పిల్లను లోపలికి తీసుకుపోయి, తలుపు దగ్గరికి వేసి, ముందు ఇంత అన్నం పెడతాను. చెయ్యి కడుక్కున్నాక నీకేం కావాలె బిడ్డా అని అడిగి, మా అమ్మమ్మలాగే నోరు మూసుకుని కూర్చుంటాను.